ఆర్మేనియన్ చరిత్ర, ఒట్టోమన్ చరిత్ర కలిపి చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు చరిత్రలు కలిపి చదవడం అంటే అసలు ఏంటి?

ఆర్మేనియన్లు సొంత భాష, లిపి, చర్చి ఉన్న క్రైస్తవ జాతి, ఇస్తాంబుల్ నుంచి సుల్తానులు ఏలిన ఒట్టోమన్ సామ్రాజ్యంలో బతికారు, ఇప్పటి టర్కీ ఆ సామ్రాజ్యంలో మిగిలిన ముక్క. ఆర్మేనియన్లు తమ చరిత్ర తాము రాసుకున్నారు, టర్కీ వాళ్లు ఒట్టోమన్ చరిత్ర తాము రాసుకున్నారు, చాలాకాలం ఈ ఇద్దరూ ఒకరి పుస్తకం ఒకరు తెరిచి చూసింది లేదు. ఆర్మేనియన్ల పుస్తకంలో సుల్తాన్ ప్రభుత్వం అంటే పన్నులు పీకేది, నరికేది, అంతకుమించి ఆ ప్రభుత్వం లోపల ఏం జరిగిందో ఉండదు. ఒట్టోమన్ పుస్తకంలోనేమో ఆర్మేనియన్లు 1878 దాకా దాదాపు కనపడరు, ఆ తర్వాత "ఆర్మేనియన్ సమస్య" అని ఒక చాప్టర్‌లో ఊడిపడతారు, 1915 ఊచకోతల తర్వాత మళ్ళీ మాయం. ఐదొందల ఏళ్ళు ఒకే రాజ్యంలో బతికిన మనుషులకి ఇలా రెండు వేరే వేరే గతాలు ఎలా ఉంటాయి చెప్పండి. ఆర్మేనియన్ రైతు కట్టిన పన్ను, ఇస్తాంబుల్‌లో వడ్డీకిచ్చిన ఆర్మేనియన్ షావుకారు, ఆ వడ్డీ డబ్బుతో పదవి కొనుక్కున్న పాషా (పెద్ద అధికారి), ఇవన్నీ ఒకే లెక్కలోవి కదా, దాన్ని ఒకే లెక్కగా చదవడమే ఈ పరిశోధన చేసే పని.

అంటే "అందరూ కలిసిమెలిసి బతికారు" అని చెప్పడమా?

కాదండి, చాలామంది పొరబడేది ఇక్కడే. టర్కీలో "మిల్లెతి సాదికా" అని ఒక మాట వాడతారు, నమ్మకమైన సముదాయం అని, ఆర్మేనియన్లు బుద్ధిగా ఉన్నారు తర్వాత విదేశాల వాళ్లు చెడగొట్టారు అనే కథకి అది సీలు. కలిపి చదవడం అంటే ఆ కథని మళ్ళీ చెప్పడం కాదు. ముస్లిం, క్రైస్తవుడు సమానం కాని వ్యవస్థ అది, కోర్టులో ముస్లిం మీద క్రైస్తవుడి సాక్ష్యం చెల్లేది కాదు, తలపన్ను విడిగా కట్టాలి. ఆ అసమానత లోపలే కొందరు చాలా పైకి వెళ్లారు, ఎక్కువమంది కిందే ఉన్నారు, రెండూ ఒకేసారి నిజం.

1461లో సుల్తాన్ మెహ్మెద్ ఆర్మేనియన్ పాట్రియార్క్ (చర్చి పెద్ద) పదవి పెట్టాడంటారు, నిజమేనా?

సంప్రదాయం అలా చెప్తుంది. 1982లో వచ్చిన ఒక వ్యాస సంకలనంలో కెవోర్క్ బర్దాక్జియన్ అనే చరిత్రకారుడు పాత ఆధారాలన్నీ తిరగేసి, ఇస్తాంబుల్ పాట్రియార్క్‌కి సామ్రాజ్యం మొత్తం మీద అధికారం ఒక్క ఫర్మానాతో రాలేదు, రెండు మూడు వందల ఏళ్ళు నెమ్మదిగా పెరిగింది అని చూపించాడు. అదే పుస్తకంలో బెంజమిన్ బ్రౌడ్ కూడా మిల్లెట్ వ్యవస్థ (ఒక్కో మతం వాళ్లని ఒక్కో సముదాయంగా వాళ్ల మత పెద్ద కింద ఉంచే పద్ధతి) మొదటినుంచీ ఉందన్న మాట తర్వాతివాళ్లు అల్లుకున్న కథ అన్నాడు. చిన్న విషయంలా ఉంటుంది గానీ దీని దెబ్బ పెద్దది, ఎందుకంటే "ప్రతి మతం తన పెట్టెలో తాను ఉండేది" అనే బొమ్మ ఒకసారి పగిలాక ఆర్మేనియన్లని ఒట్టోమన్ రాజకీయాల లోపల వెతకడం మొదలైంది.

లోపల అంటే ఎక్కడ?

ఎక్కడ లేరు అని అడగాలి. దోల్మాబాహ్చె ప్యాలెస్ 1856లో పూర్తయింది, కట్టింది బల్యాన్ అనే ఆర్మేనియన్ కుటుంబం. తుపాకీ మందు మిల్లులు దాదియాన్‌ల చేతిలో, టంకశాల దూజియాన్‌ల చేతిలో. ఒట్టోమన్ రాజ్యం ఎలా నడుస్తుందో యూరప్‌కి వివరంగా చెప్పిన మురాద్జా దోసన్ ఇస్తాంబుల్‌లో పుట్టిన ఆర్మేనియన్, స్వీడన్ ఎంబసీలో దుబాసీ, ఆయన పుస్తకం మొదటి భాగం 1787లో పారిస్‌లో వచ్చింది. ఇక సంగీతం సంగతి, ఒట్టోమన్ దర్బారు సంగీతం చాలా వరకు ఇవాళ మనకి దొరికిందంటే హంపర్సూమ్ లిమొంజియన్ అనే ఆర్మేనియన్ 19వ శతాబ్దం మొదట్లో తయారుచేసిన నొటేషన్ వల్లే.

అయితే ఈ లిస్టు చూసి మోసపోకూడదు. ఇవన్నీ ఇస్తాంబుల్ పెద్దింటి పేర్లు. ఆర్మేనియన్లలో అత్యధికులు తూర్పున వాన్, బిత్లిస్, ఎర్జురుమ్, హర్పుత్, సివాస్, దియార్‌బెకిర్ వైపు పొలాలు దున్నుకునేవాళ్లు, చిన్న పట్నాల్లో చేతిపనులు చేసుకునేవాళ్లు. "ఆర్మేనియన్లు అంటే ధనవంతులు" అన్న అపోహ అప్పట్లోనే వాళ్ల ప్రాణం మీదకి తెచ్చింది, ఇప్పుడు మనం కూడా పాషాల పేర్లే చెప్పుకుంటూ పోతే అదే అపోహని ఇంకోరకంగా మోస్తున్నట్టు.

ఆర్మేనియన్ లిపిలో టర్కిష్ రాసేవాళ్లట, అదేంటి?

అవును, ఇది నాకు ఈ మొత్తం సబ్జెక్టులో చాలా ఇష్టమైన భాగం. ఇంట్లో టర్కిష్ మాట్లాడే ఆర్మేనియన్లు లక్షల్లో ఉండేవాళ్లు, చర్చి దగ్గర నేర్చుకున్న అక్షరాలు మాత్రం ఆర్మేనియన్‌వి, కాబట్టి టర్కిష్‌నే ఆ అక్షరాల్లో రాసుకున్నారు, పేపర్లు, బైబిల్, వంటల పుస్తకాలు, నవలలు అన్నీ. 1851లో వార్తాన్ పాషా "అకబి కథ" అని ఒక నవల వేశాడు, కాథలిక్ ఆర్మేనియన్ అబ్బాయి, పాత చర్చి ఆర్మేనియన్ అమ్మాయి ప్రేమించుకోవడం, రెండువైపుల పెద్దలూ ఒప్పుకోకపోవడం. టర్కీ సాహిత్య చరిత్రలో మొదటి నవల అని చాలాకాలం చెప్పింది 1872లో వచ్చినదాన్ని. ఇది అంతకంటే 21 ఏళ్ళు ముందుది, భాష శుద్ధమైన టర్కిషే, లిపి వేరు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాలేదు, 1991లో ఆండ్రియాస్ టీట్జె దాన్ని లాటిన్ అక్షరాల్లోకి మార్చి అచ్చువేశాక గానీ తెలీలేదు. టర్కిష్ చదివేవాళ్లకి ఆర్మేనియన్ లిపి రాదు, ఆర్మేనియన్ చదివేవాళ్లు టర్కిష్ మాకెందుకన్నారు, మధ్యలో ఒక పెద్ద లైబ్రరీ మొత్తం ఎవరికీ కాకుండా పోయింది.

1800కి ముందు కాలం మీద కూడా పని జరుగుతోందా?

జరుగుతోంది, తక్కువే గానీ బాగుంది. 1600 అటూఇటూగా అనటోలియాలో (ఇప్పటి టర్కీ ఆసియా భాగంలో) జెలాలీలు అనే దళాల తిరుగుబాట్లు, కరువు, ఇరాన్‌ని ఏలిన సఫవీలతో యుద్ధం అన్నీ కలిసి తూర్పు ఆర్మేనియన్లని ఊళ్ళు వదిలేలా చేశాయి, వాళ్లు ఇస్తాంబుల్, థ్రేస్, పశ్చిమ అనటోలియా వైపు వెళ్ళారు. ఒట్టోమన్ చరిత్రకారులకి జెలాలీలు తెలుసు, పన్ను రిజిస్టర్లలో ఖాళీ అయిన ఊళ్ళూ తెలుసు, ఆ ఊళ్ళు వదిలి వచ్చినవాళ్లు ఏం రాసుకున్నారో మాత్రం తెలీదు, ఎందుకంటే అది ఆర్మేనియన్‌లో ఉంది. హెన్రీ షపీరో లాంటి వాళ్లు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివారు. అప్పటి ఇస్తాంబుల్‌లో ఎరెమియా చెలెబి కొముర్జియన్ అని ఒకాయన ఉండేవాడు, 1637 నుంచి 1695 దాకా బతికాడు, ఆర్మేనియన్‌లోనూ టర్కిష్‌లోనూ రాశాడు, ఆయన డైరీ లేకుండా ఆ శతాబ్దపు ఇస్తాంబుల్ గురించి ఎవరైనా రాస్తే అది సగం రాసినట్టే.

గొడవ అసలు ఎక్కడ మొదలైంది? మతమా?

మతం ఉంది, కానీ భూమిని వదిలేసి మతం ఒక్కటే చెప్తే ఏమీ అర్థం కాదు. తెలుగువాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు అనుకుంటా, పట్టా ఎవరి పేరున ఉంది, దున్నేది ఎవరు, శిస్తు ఎన్నిచోట్ల కట్టాలి అన్న ప్రశ్నలు.

1858లో ఒట్టోమన్ ప్రభుత్వం భూమి చట్టం తెచ్చింది, పొలాలు రిజిస్టర్ చేసుకోవాలి అని. చదువు, పలుకుబడి ఉన్నవాళ్లు, ఆఫీసర్లతో పరిచయం ఉన్న బేలు, ఆగాలు (స్థానిక పెద్దలు, తూర్పున ఎక్కువగా కుర్దులు, అంటే అక్కడి ముస్లిం తెగల వాళ్లు) ఊళ్ళు ఊళ్ళే తమ పేరున రాయించుకున్నారు. అదే టైంలో రష్యా కాకసస్ నుంచి, తర్వాత బాల్కన్స్ నుంచి తరిమేసిన ముస్లిం శరణార్థులు లక్షల్లో వచ్చారు, వాళ్లకీ భూమి కావాలి. రైతు అటు ప్రభుత్వానికి పన్ను కట్టాలి, ఇటు కుర్దు బేకి మామూలు కట్టాలి. ఇస్తాంబుల్ పాట్రియార్క్ ఆఫీసుకి వందల కొద్దీ అర్జీలు వచ్చాయి, వాటిలో ఎక్కువ పొలం లాక్కున్నారనే. రష్యాతో యుద్ధం ఓడాక కుదిరిన 1878 బెర్లిన్ ఒప్పందంలో 61వ ఆర్టికల్ కింద ఆర్మేనియన్లు ఉండే ప్రాంతాల్లో సుల్తాన్ సంస్కరణలు చేస్తానని ఒప్పుకున్నాడు, చెయ్యలేదు, పైగా 1891లో అబ్దుల్ హమీద్ కుర్దు తెగలతో హమీదియే అశ్విక దళాలు పెట్టాడు, అంటే భూమి లాక్కునేవాడి చేతికే సర్కారు తుపాకీ ఇచ్చినట్టు. జానెట్ క్లైన్ ఈ దళాల మీద రాసిన పుస్తకం, స్టెఫాన్ అస్తూరియన్ భూమి మీద రాసిన వ్యాసం ఇక్కడ చాలా ముఖ్యం. 1894 నుంచి 1896 దాకా జరిగిన ఊచకోతల్లో చచ్చిపోయినవాళ్లు 80 వేల నుంచి 3 లక్షల దాకా అని అంచనాలు, చాలామంది పారిపోయారు, వాళ్ల పొలాలు పక్కవాళ్లు కలిపేసుకున్నారు.

1908లో యంగ్ టర్కులు అనే ఆఫీసర్లు, మేధావుల గుంపు సుల్తాన్ మీద తిరగబడి రాజ్యాంగాన్ని వెనక్కి తెచ్చిన విప్లవం వచ్చినప్పుడు ఆర్మేనియన్లు, టర్కులు వీధుల్లో కౌగిలించుకున్నారు, దష్నాక్ అనే ఆర్మేనియన్ విప్లవ పార్టీ యంగ్ టర్కులతో పొత్తు పెట్టుకుంది, వాళ్లు అడిగిన మొదటి విషయాల్లో ఒకటి ఆ పొలాలు వెనక్కి ఇప్పించండి అని. ఇవ్వలేదు. 1909 ఏప్రిల్‌లో అదానాలో 20 వేలకి పైగా జనాన్ని చంపారు, 1912కల్లా పొత్తు తెగిపోయింది. ఈ నాలుగేళ్ళ కథని బెద్రోస్ దెర్ మతోసియన్ బాగా విప్పి చెప్పాడు.

1915లో ఏం జరిగింది, క్లుప్తంగా?

బాల్కన్ యుద్ధాల్లో యూరప్ భూభాగం దాదాపు మొత్తం పోయింది. 1914 ఫిబ్రవరిలో సంస్కరణలు చూసేందుకు తూర్పు ప్రాంతాలకి ఇద్దరు విదేశీ ఇన్‌స్పెక్టర్లు వచ్చేలా రష్యా ఒత్తిడితో ఒప్పందం అయ్యింది, మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే దాన్ని రద్దు చేశారు. రష్యా సరిహద్దు దగ్గర సరికమిష్‌లో ఒట్టోమన్ సైన్యం మంచులో నాశనమైంది. 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో ఆర్మేనియన్ నాయకులని, రచయితలని అరెస్ట్ చేశారు, మే 27న తరలింపు చట్టం వచ్చింది. అక్కడినుంచి మగవాళ్లని ఊరి బయట చంపడం, ఆడవాళ్లని పిల్లలని సిరియా ఎడారి వైపు నడిపించడం, దెయిర్ ఎజ్జోర్ దగ్గర మిగిలినవాళ్లని 1916లో చంపడం. మృతులు 6 లక్షల నుంచి 15 లక్షల దాకా అని రకరకాల లెక్కలు, 10 లక్షలు అటూఇటూ అని ఎక్కువమంది చరిత్రకారులు చెప్పేది.

టర్కీ ప్రభుత్వం ఒప్పుకోదు కదా, వాళ్ల వాదన ఏంటి?

యుద్ధంలో రెండువైపులా జనం పోయారు, వాన్‌లో తిరుగుబాటు జరిగింది, ఆర్మేనియన్లు రష్యాతో కలిశారు, తరలింపు సైనిక అవసరం, చంపాలని ఆర్డర్ లేదు. సుమారుగా ఇదీ వాదన. హుంచాక్ అనే ఇంకో ఆర్మేనియన్ విప్లవ పార్టీ 1887లో, దష్నాక్ 1890లో పుట్టిన మాట నిజమే, 1896లో దష్నాక్ వాళ్లు ఒట్టోమన్ బ్యాంక్‌ని పట్టుకున్న మాటా నిజమే, ఆయుధాలు పట్టినవాళ్లు ఉన్నారు. అయితే యుద్ధరంగానికి వందల మైళ్ళ దూరంలో ఉన్న ఊళ్ళలో ముసలివాళ్లని, పసిపిల్లలని ఎందుకు పంపారు అన్నదానికి ఆ వాదన దగ్గర సమాధానం లేదు. ఇవాళ ఈ కాలం మీద సీరియస్‌గా పనిచేసే చరిత్రకారుల్లో చాలా పెద్ద మెజారిటీ దీన్ని జినోసైడ్ (ఒక జాతిని తుడిచిపెట్టాలని చేసిన హత్యాకాండ) అనే అంటారు, నేనూ అదే అంటాను. మిగిలిన చర్చ అంతా ఎలా, ఎప్పుడు నిర్ణయం అయ్యింది, కేంద్రం పాత్ర ఎంత, ఊళ్ళో ఆఫీసర్ల పాత్ర ఎంత అన్న దాని మీద. వహాక్న్ దద్రియాన్ దీనికి మూలాలు మతంలో, పాత రాజ్య సంస్కృతిలో వెతికాడు, డొనాల్డ్ బ్లాక్సమ్ యుద్ధం ముదిరేకొద్దీ నిర్ణయాలు తీవ్రమయ్యాయి అన్నాడు, రోనాల్డ్ సునీ భయం, అనుమానం ఎలా పేరుకున్నాయో చూడమన్నాడు.

ఒట్టోమన్ చరిత్ర నేర్పే ప్రొఫెసర్లు అన్నాళ్ళు ఎందుకు మాట్లాడలేదు?

అసలు ఇబ్బందికరమైన ప్రశ్న ఇదే. పర్మిషన్ ఇవ్వకపోతే ఆర్కైవ్‌లోకి వెళ్ళలేరు, వెళ్ళకపోతే కెరీర్ లేదు, ఇది ఒకటి. డబ్బు ఇంకోటి, 1982లో వాషింగ్టన్‌లో టర్కీ ప్రభుత్వ డబ్బుతో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టర్కిష్ స్టడీస్ పెట్టారు. 1985లో 69 మంది అమెరికన్ స్కాలర్లు జినోసైడ్ అన్న మాటకి వ్యతిరేకంగా పేపర్లలో ప్రకటన ఇచ్చారు. 1990లో టర్కీ రాయబారి ఒక అమెరికన్ ప్రొఫెసర్‌కి అభ్యంతరం చెప్తూ ఉత్తరం పంపితే, ఆ కవర్లో పొరపాటున ఆ ఉత్తరం డ్రాఫ్ట్ కూడా వచ్చేసింది, రాసిచ్చింది ఆ ఇన్‌స్టిట్యూట్ నడిపే హీత్ లౌరీ అని బయటపడింది. 2006లో అదే ఇన్‌స్టిట్యూట్ బోర్డ్ ఛైర్మన్ డొనాల్డ్ క్వాటర్ట్ ఒక బుక్ రివ్యూలో జినోసైడ్ అని రాసి పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఇది ఒకవైపు. ఇంకోవైపు 1977లో లాస్ ఏంజెలెస్‌లో టర్కీ వాదనకి దగ్గరగా రాసే ఒట్టోమన్ చరిత్ర ప్రొఫెసర్ స్టాన్‌ఫర్డ్ షా ఇంటి మీద బాంబు పడింది, 70లు 80ల్లో ఆర్మేనియన్ మిలిటెంట్లు టర్కీ దౌత్యవేత్తలని చంపారు, దాంతో మాట్లాడదాం అనుకున్నవాళ్లు కూడా నోరు మూసుకున్నారు.

మరి కలిసి కూర్చోవడం ఎప్పుడు మొదలైంది?

మొదట ఒంటరిగా కొందరు. తానెర్ అక్చామ్ టర్కీలో లెఫ్ట్ రాజకీయాల్లో అరెస్టై 1977లో అంకారా జైలు నుంచి తప్పించుకుని జర్మనీ వెళ్ళినవాడు, టర్కిష్ చరిత్రకారుల్లో జినోసైడ్ అని బాహాటంగా అన్నది ముందుగా ఆయనే. 2000లో చికాగో యూనివర్సిటీలో రోనాల్డ్ సునీ, ఫాత్మా ముగె గోచెక్, జిరార్ లిబరిడియన్ ఇంకొందరు కలిసి ఆర్మేనియన్, టర్కిష్ స్కాలర్లకి ఒక వర్క్‌షాప్ పెట్టారు. రెండువైపుల నుంచీ తిట్లు తిన్నారు, మీరు శత్రువుతో కూర్చున్నారని ఇటు, మీరు దేశాన్ని అమ్మారని అటు. అయినా దాదాపు పదిహేనేళ్ళు నడిచింది, 2011లో వచ్చిన వ్యాస సంకలనం ఇప్పటికీ ఈ ఫీల్డ్‌లో అడుగుపెట్టే గుమ్మం.

2005లో ఇది టర్కీ లోపలికి వచ్చింది. సామ్రాజ్యం చివరి రోజుల్లో ఒట్టోమన్ ఆర్మేనియన్ల మీద ఇస్తాంబుల్‌లో మూడు యూనివర్సిటీలు కలిసి కాన్ఫరెన్స్ అన్నాయి, మే నెలలో న్యాయశాఖ మంత్రి జెమీల్ చిచెక్ పార్లమెంట్‌లో దీన్ని జాతికి వెన్నుపోటు అన్నాడు, వాయిదా పడింది. సెప్టెంబర్‌లో మళ్ళీ పెడితే కోర్టు ఆర్డర్ వచ్చింది, ఆర్డర్‌లో పేరు లేని బిల్గి యూనివర్సిటీకి వేదిక మార్చేసి పెట్టేశారు, బయట గుడ్లు టమాటాలు పడుతుంటే లోపల పేపర్లు చదివారు. అందులో మాట్లాడిన హ్రాంత్ దింక్, ఇస్తాంబుల్‌లో ఆగోస్ అనే వారపత్రిక నడిపే ఆర్మేనియన్, ఆయనకి తర్వాత నెలలోనే "టర్కిష్‌తనాన్ని అవమానించాడు" అని శిక్ష వేశారు, 2007 జనవరి 19న ఆఫీసు ముందే కాల్చి చంపారు. అంత్యక్రియలకి లక్ష మంది దాకా "మేమందరం హ్రాంత్ దింక్, మేమందరం ఆర్మేనియన్లం" అని నడిచారు.

టర్కీ తన ఆర్కైవ్స్ తెరిచే ఉంచింది అంటుంది కదా?

తెరిచింది, ఇస్తాంబుల్‌లో ఒట్టోమన్ ఆర్కైవ్‌కి 1989 నుంచి వెళ్ళొచ్చు, అక్చామ్, ఫువాత్ దుందార్ లాంటివాళ్లు అక్కడి టెలిగ్రాములతోనే పుస్తకాలు రాశారు. కానీ అంకారా సైనిక ఆర్కైవ్ అందరికీ అందదు, ఆస్తి రికార్డుల సంగతి ఇంకా కష్టం, ఎందుకో ఊహించొచ్చు. 1919, 20ల్లో ఇస్తాంబుల్‌లో యంగ్ టర్కుల మీద జరిగిన సైనిక విచారణల అసలు ఫైళ్ళు లేవు, గెజిట్‌లో, అప్పటి పేపర్లలో పడిన భాగాలే దిక్కు. ఆర్మేనియన్ వైపు కూడా పెద్ద గొప్పగా ఏం లేదు, జెరూసలేం పాట్రియార్కేట్ ఆర్కైవ్‌లోకి ఎవరిని రానిస్తారో వాళ్ల ఇష్టం.

తలాత్ పాషా నోట్‌బుక్ అంటారు, అదేంటి?

తరలింపు నడిపిన హోంమంత్రి సొంత లెక్కల పుస్తకం. ఆయన భార్య దగ్గర నుంచి మురాత్ బర్దాక్చి అనే టర్కిష్ జర్నలిస్ట్‌కి చేరింది, ఆయన 2008లో అచ్చువేశాడు. అందులో యుద్ధానికి ముందు ఆర్మేనియన్ జనాభా 12,56,000, తర్వాత 2,84,157. తేడా 9 లక్షల 72 వేలు. అందరూ చనిపోయారని కాదు, కొందరు దేశం దాటారు, కొందరు లెక్కకి దొరకలేదు. యుద్ధం ముందటి సంఖ్య మీద కూడా గొడవే, పాట్రియార్కేట్ లెక్క 19 లక్షలు. ఏదేమైనా ఇది శత్రువు రాసింది కాదు, ఆర్డర్లు ఇచ్చినవాడి ఇంట్లో దొరికింది.

ఇప్పుడు కొత్తగా ఏ టాపిక్స్ మీద పని జరుగుతోంది?

ఆస్తులు. 1915 సెప్టెంబర్‌లో "వదిలేసిన ఆస్తుల" చట్టం తెచ్చి ఇళ్ళు, షాపులు, తోటలు ఎవరెవరికి పంచారో ఉగుర్ ఉమిత్ ఉంగోర్, మెహ్మెత్ పొలాటెల్ తవ్వారు, నన్నడిగితే అన్నిటికంటే వేడి ఇక్కడే ఉంది, ఎందుకంటే టర్కీలో కొన్ని పెద్ద సంపదలకి పునాది అది. ఆడవాళ్లు, అనాథ పిల్లలు ఇంకోటి. ముస్లిం ఇళ్ళలో కలిసిపోయిన ఆర్మేనియన్ల గురించి 2004లో లాయర్ ఫెతియె చెతిన్ తన అమ్మమ్మ కథ రాసింది, సెహెర్ అనుకున్న అమ్మమ్మ అసలు పేరు హెరనుష్, ఆ పుస్తకం తర్వాత టర్కీలో ఎంతమంది తమ ఇళ్ళలో అమ్మమ్మలని అడగడం మొదలుపెట్టారో. 2013లో ఇస్లాంలోకి మారిన ఆర్మేనియన్ల మీద ఇస్తాంబుల్ బొయాజిచి యూనివర్సిటీలో కాన్ఫరెన్స్ జరిగింది. 1923 తర్వాత టర్కీలో మిగిలినవాళ్ల మీద లెర్నా ఎక్మెక్చియోలు, తాలిన్ సుజియాన్ రాస్తున్నారు. బెర్లిన్ నుంచి నడిచే హూషమాద్యాన్ వెబ్‌సైట్ ఊరూరా ఆర్మేనియన్ల వంటలు, పాటలు, బడులు, మ్యాపులు పోగేస్తోంది, ఒకసారి తెరిస్తే రాత్రి నిద్ర ఉండదు.

తెలుగువాళ్లకి దీంతో ఏం సంబంధం?

అనుకున్నదానికంటే ఎక్కువే. స్కూల్లో ఖిలాఫత్ ఉద్యమం చదువుకున్నాం, 1919 నుంచి ఖలీఫాకి (అంటే ఒట్టోమన్ సుల్తాన్‌కే) బ్రిటిష్ వాళ్లు అన్యాయం చేశారని గాంధీ, అలీ సోదరులు పోరాడారని. ఆ అన్యాయంలో ముఖ్యమైన సెవ్ర్ ఒప్పందం 1920లోది, అందులోనే ఆర్మేనియాని దేశంగా గుర్తించారు అన్నది మన టెక్స్ట్‌బుక్‌లో చదివిన గుర్తు లేదు. ఆ వంశంలో చివరి ఖలీఫా అబ్దుల్‌మెజీద్ కూతురు దుర్రుషెహ్వార్ 1931లో నిజాం పెద్దకొడుకుని పెళ్ళి చేసుకుని హైదరాబాద్ వచ్చింది, పాతబస్తీలో ఆమె పేరున ఆసుపత్రి ఇంకా ఉంది. ఇటు మచిలీపట్నంలో, మద్రాసులో ఆర్మేనియన్ వర్తకులు ఉండేవాళ్లు, ఎక్కువగా ఇస్ఫహాన్ దగ్గర న్యూ జుల్ఫా వాళ్లు, ఒట్టోమన్, సఫవీ యుద్ధంలో షా అబ్బాస్ ఊరు ఖాళీ చేయించి తీసుకెళ్ళిన జనం. ప్రపంచంలో మొదటి ఆర్మేనియన్ పత్రిక "అజ్దరార్" 1794లో అచ్చయింది ఇస్తాంబుల్‌లో కాదు, మద్రాసులో.

నేర్చుకోవాలంటే ఏ భాషలు రావాలి, ఎక్కడ మొదలెట్టాలి?

రీసెర్చ్ చెయ్యాలంటే ఒట్టోమన్ టర్కిష్, అంటే అరబిక్ లిపిలోది (1928లో లిపి మార్చాక టర్కీ పిల్లలకే అది రాదు), పాశ్చాత్య ఆర్మేనియన్ (ఒట్టోమన్ వైపు ఆర్మేనియన్లు రాసిన రూపం), ఫ్రెంచ్, జర్మన్ కొంచెం. ఊరికే చదువుకోవాలంటే ఇంగ్లీష్ చాలు. మొదట సునీ 2015లో రాసిన పుస్తకం, అది సామ్రాజ్యాన్ని, ఆర్మేనియన్లని కలిపే నడిపిస్తుంది. తర్వాత గోచెక్, టర్కులు తామే రాసుకున్న మూడొందలకి పైగా ఆత్మకథలు చదివి మౌనం ఎలా తయారైందో చూపించింది. రేమోన్ కెవోర్కియన్ పుస్తకం ఊరు ఊరు, జిల్లా జిల్లా వివరాలతో వెయ్యి పేజీల పైన ఉంటుంది, దాన్ని మొదట పట్టుకోకండి, ఏదైనా ఒక ఊరి గురించి అనుమానం వచ్చినప్పుడు తీసి చూసుకోండి.